సమాచారం చేతికొచ్చాక జరిమానా అడగడం అన్యాయమా?

ఉప్పుటేరు రైతు:
మా పొలాల పక్కన రొయ్యల చెరువులు తవ్వారు. ఉప్పు ఊట దిగి వరి దుబ్బు కట్టడం లేదు. అనుమతి కాగితాల నకళ్లు ఇమ్మని సమాచార హక్కు చట్టం కింద అడిగాను. 30 రోజుల్లో ఇవ్వాలి, ఇవ్వలేదు. మొదటి అప్పీలుకి ఉలుకూ పలుకూ లేదు. రెండో అప్పీలు మీద సమాచార కమిషన్ నోటీసు ఇచ్చాకే కదలిక వచ్చింది. హియరింగ్ ఉందనగా కవరొకటి అందింది. లోపలి ఉత్తరం మీద తారీఖు ఏడాది కిందటిది, కవరు మీద పోస్టు ముద్ర మాత్రం ఆ వారానిదే! హియరింగ్‌లో "ఎప్పుడో పంపేశామండి" అన్నారు. ఆలస్యానికి జరిమానా వెయ్యమన్నాను. సమాచారం అందింది కదా అని కేసు మూసేశారు. ఇది సబబేనా?

పంచాయతీ ఉద్యోగి:
మీ బాధ అర్థమైందండి. నాదీ అలాంటి ఉద్యోగమే కాబట్టి మా వైపు కూడా చెప్తాను. చెరువుల ఫైళ్లు చాలావరకు మత్స్యశాఖ, రెవెన్యూ వాళ్ల దగ్గరుంటాయి. ఎన్నిసార్లు అడిగినా రావు. ఆలస్యం చేసినాయన బదిలీ మీద వెళ్లిపోతాడు, సంజాయిషీ కొత్తగా వచ్చినవాడు రాసుకోవాలి. జరిమానా పడితే కట్టేది సొంత జీతంలోంచేనండి. కాగితాలు ఇచ్చేశాక ఇంకా శిక్షెందుకు?

ఉప్పుటేరు రైతు:
మీ దగ్గర లేని ఫైలైతే 5 రోజుల్లో సంబంధిత శాఖకి పంపెయ్యమని సెక్షన్ 6(3) చెప్తోందండి. సాయం అడిగినా చెయ్యని ఉద్యోగిని కూడా సమాచార అధికారిగానే లెక్కగట్టమని 5(5) ఉంది. మీ మాట వినకుండా జరిమానా వెయ్యమని నేననట్లేదు. వినే తీరాలని సెక్షన్ 20లోనే ఉంది. ఆలస్యానికి సరైన కారణముందని చూపించాల్సిన భారం మాత్రం అధికారిది, నాది కాదు. తప్పెవరిదో తేలేది హియరింగ్‌లోనే కదా! అడగకుండానే మూసేస్తే ఫైలు తొక్కిపెట్టినవాడు హాయిగా ఉంటాడు, మీలాంటివాళ్ల మీద అనుమానం మిగిలిపోతుంది.

ఇంకో సంగతి. జరిమానా రోజుకి 250 రూపాయలు, ఎంతైనా 25,000 దాటకూడదు. అంటే వందో రోజుకి లెక్క ఆగిపోతుంది. రెండో అప్పీలు ఇన్నాళ్లలో తేల్చాలని చట్టంలో గడువే లేదు. వంద రోజులు దాటాక ఎంత సాగదీసినా వాళ్లకి పోయేదేం లేదు. ఆ డబ్బు నాకూ రాదు, సర్కారు ఖజానాకే. తపాలు రిజిస్టరు తెప్పించి ఆ తారీఖు చూడమన్నాను, అంతే. చూడలేదు.

రామచంద్రపురం లాయరు:
బాబాయ్ గారూ, మీరు వేసింది సెక్షన్ 19 అప్పీలు. అది ముఖ్యంగా సమాచారం ఇప్పించడానికి. సెక్షన్ 18 ఫిర్యాదు దారి వేరు. ఆ ఫిర్యాదు మీద సమాచారం ఇప్పించే అధికారం కమిషన్‌కి లేదని, జరిమానా వరకే వెళ్లగలదని 2011లో మణిపూర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే మా దగ్గరికొచ్చేవాళ్లకి రెండూ వెయ్యమంటాం. 19(8) కింద నష్టపరిహారం కూడా రాతపూర్వకంగా అడగండి, అది మీకే వస్తుంది. ఆ కవరు మాత్రం పారెయ్యకండి.

ఉప్పుటేరు రైతు:
భద్రంగానే ఉందమ్మా. ఫిర్యాదుకి దాని నకలు జతచేస్తాను.

పంచాయతీ ఉద్యోగి:
రిజిస్టరు చూడమనడంలో తప్పులేదండి, ఒప్పుకుంటాను. కాకపోతే ఆ ఫిర్యాదులో అప్పట్లో ఆ సీట్లో ఎవరున్నారో తేల్చి, వాళ్ల పేరు మీదే నోటీసు పంపమని రాయండి. హోదా మీద వస్తే మళ్లీ ఇప్పుడున్నవాడికే చుట్టుకుంటుంది.