నీళ్లలో నానితే వేళ్లకు ముడతలెందుకు?

ప్రశ్న: బట్టలు ఉతికితే వేళ్ల కొసలు ముడతలు పడతాయి, మోచేయి మాత్రం పడదు. చర్మం నీళ్లు పీల్చి ఉబ్బడం వల్లేనా?

జవాబు: ప్రధానంగా అది నరాల పనండీ. చెమట రంధ్రాల గుండా నీరు చేరగానే నరాలు వేలికొస రక్తనాళాలను బిగిస్తాయి. లోపలి కండ కాస్త కుంచించుకుని పైచర్మం మడతపడుతుంది. 40 డిగ్రీల నీళ్లలో కొద్ది నిమిషాలకే మొదలవుతుంది, చన్నీళ్లలో ఆలస్యం.

ఇంకో జవాబు: వేలి నరం తెగితే ఆ వేలు ఎంత నానినా నున్నగానే ఉంటుంది. 1930లలోనే డాక్టర్లు గమనించారు. షుగర్‌తో నరాలు దెబ్బతిన్నా ముడతలు తగ్గుతాయి. ఒక్క వేలే ముడత పడకపోతే, పైగా తిమ్మిరి ఉంటే, చూపించుకోండి.

ప్రశ్న: మరి దీనివల్ల లాభం?

జవాబు: తడి వస్తువుల మీద పట్టు అంటారు. 2013లో తడి గోలీలతో చేసిన ప్రయోగం అవునంది, 2014లో ఇంకొకటి తేడా లేదంది. ఖాయమని నేననను.