1972 మార్క్ 2 అంబాసిడర్: 12 ఏళ్లుగా షెడ్డులోనే ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

మార్క్2_రాజమండ్రి
పెట్రోల్ బండి, 1489 సీసీ. హ్యాండిల్ వేసి తిప్పితే ఇంజన్ కదలడం లేదు, పట్టేసింది. బ్రేకు పెడల్ నేలకు తగులుతోంది. బాడీ పైకి బాగానే ఉంది. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడితే ఊడుతుందని మెకానిక్ అంటున్నాడు. కొట్టొచ్చా?

నట్టుబోల్టు
వద్దండీ. తుప్పుతో పిస్టన్ రింగులు బోరుకు (సిలిండర్ లోపలి గోడకు) అతుక్కుని ఉంటాయి. బలవంతంగా తిప్పితే రింగు విరిగి బోరంతా గీతలు పడుతుంది. ప్లగ్గులు నాలుగూ విప్పండి. డీజిల్, ఇంజన్ ఆయిల్ సగం సగం కలిపి ఒక్కో సిలిండర్‌లో 50 మి.లీ. పోసి మూడు రోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేర్‌లో వేసి బండిని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపండి. అంగుళం కదిలినా చాలు, మళ్లీ ఆయిల్ పోసి ఆగండి.

ఈలోగా ఇంజన్ పైనున్న టాపెట్ కవర్ తీసి వాల్వ్ కాడల మీదా ఆయిల్ వేయండి. పిస్టన్ ఊడినా వాల్వ్ ఇరుక్కుని ఉంటే దాన్ని తెరిచే పుష్‌రాడ్ వంగుతుంది. ఇంకో మాట, దీని బోల్టులు అంగుళాల కొలతవి. 7/16, 1/2, 9/16 స్పానర్లు తెచ్చుకోండి, మిల్లీమీటర్ స్పానర్ పెడితే తలలు గుండ్రంగా అరిగిపోతాయి.

తుప్పు_వేట
నా మాట వింటే ఇంజన్ మీద రూపాయి పెట్టకముందే బండి కింద పడుకుని చూడండి. అంబాసిడర్‌కు విడిగా చాసిస్ లేదు, బరువంతా బాడీదే. తలుపుల కింది సిల్లులు, ఫ్లోరు, వెనక కమాన్లు (పట్టీ స్ప్రింగులు) బిగించే చోట్లు స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. పైకి బాగున్నచోట అయస్కాంతం పెట్టండి. అంటుకోకపోతే అక్కడ ఉన్నది పుట్టీ.

జాకీ ఎత్తినప్పుడు తలుపు సరిగా పడకపోతే సిల్లు పోయినట్టే. దాన్ని కోసేముందు తలుపు సందులో అడ్డంగా ఇనుప కడ్డీ వెల్డ్ చేయించండి. లేదంటే బాడీ మధ్యలో కుంగి, ఆ తలుపు మళ్లీ ఎప్పటికీ సరిగా కూర్చోదు. చిల్లుల మీద ఫైబర్ అతికించి రంగు వేస్తామంటే ఒప్పుకోవద్దు. లోపల నీరు నిలిచి ఇంకా తొందరగా తినేస్తుంది.

మార్క్2_రాజమండ్రి
సిల్లులు గట్టిగానే ఉన్నాయి, ఎడమవైపు ఫ్లోరులో మాత్రం చిల్లు ఉంది. ఇంజన్ ఊడింది! ప్లగ్గులు లేకుండా తిప్పుతున్నా, ఆయిల్ ప్రెషర్ గేజి లేవడం లేదు.

నట్టుబోల్టు
ఇన్నేళ్లకు ఆయిల్ పంపు ఎండిపోయి ఉంటుంది. ఇంజన్ అడుగున ఉన్న సంపులో పాత ఆయిల్ దింపి 20W-50 ఇంజన్ ఆయిల్ పోయండి. ఫిల్టర్‌కు వెళ్లే పైపు విప్పి పంపు వైపు ఆయిల్ పోసి, బిగించి మళ్లీ తిప్పండి. గేజి లేచేదాకా ప్లగ్గులు పెట్టొద్దు.

తర్వాత టాపెట్ గ్యాప్ (వాల్వ్ కాడకూ దాన్ని నొక్కే రాకర్‌కూ మధ్య సందు), చల్లటి ఇంజన్ మీద 0.015 అంగుళం. తొమ్మిది లెక్క (రెండు వాల్వ్ నంబర్లు కలిపితే 9 రావాలి) గుర్తుంచుకోండి: 8వ వాల్వ్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది, 7వది తెరుచుకున్నప్పుడు 2వది సరిచేయాలి. డిస్ట్రిబ్యూటర్‌లోని పాయింట్ల గ్యాప్ కూడా 0.015 అంగుళం, సిలిండర్లు మండే (ఫైరింగ్) వరుస 1-3-4-2. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు ట్యాంకు పెట్రోల్ వద్దు, శుభ్రమైన డబ్బా నుంచి పైపు ఇవ్వండి. ట్యాంకులోని తుప్పు కార్బురేటర్ జెట్‌ను మూసేస్తుంది. పాత రబ్బరు పైపులు ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కు మెత్తబడిపోతాయి, అన్నీ మార్చేయండి.

స్టార్ట్ అయ్యాక కొన్నాళ్లు టాపెట్ గ్యాప్ తరచూ చూడండి. 2000లో సీసం పెట్రోల్ ఆగిపోయింది. పాత హెడ్డులో ఎగ్జాస్ట్ వాల్వ్ సీటు అరుగుతూ పోతే గ్యాప్ తగ్గుతుంది, చివరికి వాల్వ్ మూసుకోక కాలిపోతుంది.

డ్రమ్_షూ
ఇంజన్ మోగిందని రోడ్డెక్కించకండి. ఈ బ్రేకులు ఒకే సర్క్యూట్, అంటే నాలుగు చక్రాలకూ ఒకే ఆయిల్ లైను, ఒక చక్రం దగ్గర కారితే నాలుగూ పోతాయి. పెడల్ తొక్కితే ఆయిల్ నెట్టే మాస్టర్ సిలిండర్, చక్రాల దగ్గరి వీల్ సిలిండర్లు అన్నీ విప్పి లోపల వేలితో తడమండి. గుంటలు తగిలితే కొత్త రబ్బరు వేసినా ఆగదు, సిలిండరే మార్చాలి. రబ్బర్లను పెట్రోల్‌తో కడగకండి, ఉబ్బిపోతాయి. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి. ఫ్లెక్సిబుల్ హోసులు పైకి బాగున్నా మార్చండి. లోపల ఉబ్బితే పెడల్ వదిలినా బ్రేకు పట్టే ఉంటుంది. డాట్ 3 బ్రేక్ ఆయిల్ పోసి, మాస్టర్‌కు దూరంగా ఉన్న వెనక ఎడమ చక్రం నుంచి గాలి తీయండి. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివర ముందు కుడి.