షార్ట్ ఇంట్రెస్ట్: రెండు సెటిల్‌మెంట్ తేదీల మధ్య రోజువారీ అంచనా ఎలా?

అమెరికాలో లిస్టయిన ఒక కంపెనీ షేరులో షార్ట్ పొజిషన్లు (అప్పు తెచ్చి అమ్మి, ఇంకా తిరిగి కొనని షేర్లు) 2019 నుంచి ఎలా మారాయో ఒకే టైమ్ సిరీస్‌గా కడుతున్నాను. ఫిన్రా (అమెరికాలో బ్రోకర్లను నియంత్రించే సంస్థ) ఇచ్చే షార్ట్ ఇంట్రెస్ట్ లెక్క, అంటే ఆ పొజిషన్ల మొత్తం, నెలకు రెండుసార్లే వస్తుంది: నెల మధ్యలో ఒక సెటిల్‌మెంట్ తేదీకి (ట్రేడ్ అయిన షేర్లు, డబ్బు చేతులు మారే రోజు), నెలాఖరుకు మరొకటి. అది బయటికి రావడానికి ఇంకొన్ని పనిదినాలు పడుతుంది కాబట్టి సెటిల్‌మెంట్ తేదీని, ప్రచురణ తేదీని వేర్వేరు కాలమ్స్‌లో పెట్టాను. మధ్యలో స్టాక్ స్ప్లిట్ (ఒక్కో షేరును ఎక్కువ షేర్లుగా విడగొట్టడం) జరిగింది. అంతకు ముందరి షేర్ల సంఖ్యలన్నీ స్ప్లిట్ నిష్పత్తితో గుణించాను. ఇక్కడిదాకా సమస్య లేదు.

చిక్కంతా మధ్య రోజులదే. ఫిన్రా రోజువారీ షార్ట్ సేల్ వాల్యూమ్ (ఆ రోజు షార్ట్‌గా అమ్మిన షేర్ల సంఖ్య) ఫైళ్లు తీసుకుని, ట్రేడ్ తేదీకి సెటిల్‌మెంట్ వ్యవధి కలిపి (2024 మే 28 ముందు రెండు పనిదినాలు, తర్వాత ఒకటి) కూడి చూశాను. షార్ట్ ఇంట్రెస్ట్ మార్పుతో పొంతనే లేదు, కొన్నిసార్లు దిశ కూడా తిరగబడింది. కారణం తెలుస్తూనే ఉంది: ఆ ఫైళ్లలో ఉండేవి ఎక్స్ఛేంజీల బయట జరిగిన ట్రేడ్లే. మార్కెట్ మేకర్లు (ఎప్పుడూ కొనడానికీ, అమ్మడానికీ సిద్ధంగా ఉండే సంస్థలు) అమ్మి అదే రోజు తిరిగి కొన్నవీ అందులో కలిసిపోతాయి, కవరింగ్ కొనుగోళ్లకు (షార్ట్ పొజిషన్ ముగించడానికి తిరిగి కొనేవాటికి) మాత్రం లెక్కే ఉండదు. ఎక్స్ఛేంజీల సొంత ఫైళ్లు కలిపినా చివరి రెండు లోపాలు పోవు. పోనీ రెండు సెటిల్‌మెంట్ తేదీల సంఖ్యలను నేరుగా గీత గీసి కలిపితే ఫలితాల ప్రకటన వారంలో వచ్చే ఎగుడుదిగుళ్లు మాయమైపోతున్నాయి.

బ్రోకర్ ఇచ్చే రోజువారీ బారో ఫీజు (షేర్లు అప్పు తీసుకోవడానికి కట్టే రుసుము), అప్పుకు దొరికే షేర్ల సంఖ్య నా దగ్గర ఉన్నాయి. రెండు ఫిన్రా సంఖ్యలనూ కదపకుండా, మధ్య రోజుల మార్పును పంచడానికి ఈ రెండింటిలో దేన్ని ఆధారంగా తీసుకోవాలి, దానికి వెయిట్ ఎలా లెక్కించాలి?