ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్లకు ఎయిర్‌పోర్టులో ఈ తనిఖీ ఉండాలా, ఎత్తేయాలా?

పుంగనూరు గిత్త:
మా చిన్నాయన కొడుకు మొన్న కువైట్‌కు పోతుంటే ఇమ్మిగ్రేషన్ కౌంటర్ దగ్గర ఆపేశారు. ఏ ఎయిర్‌పోర్టో వద్దులెండి. వాడు తొమ్మిదితో బడి మానేశాడు కాబట్టి ఈసీఆర్ పాస్‌పోర్టు, అంటే కొన్ని దేశాలకు పనికి పోవాలంటే ముందు ప్రభుత్వం దగ్గర క్లియరెన్స్ తీసుకోవాల్సిన రకం. వీసా, క్లియరెన్స్, ఇన్సూరెన్స్ కాగితం అన్నీ ఉన్నాయి. అయినా పక్కన నిలబెట్టి పనేంది, సేటు పేరేంది, జీతమెంత, ఏజెంటెవరు అని అడిగిందే అడిగారంట. వెనకున్న సాఫ్ట్‌వేర్ పిల్లోళ్లు మాత్రం స్టాంపు వేయించుకుని చకచకా వెళ్లిపోతున్నారు. చివరికి వదిలారు గానీ, పరిగెత్తి విమానం ఎక్కాల్సి వచ్చింది. పది పాస్ కాకపోతే దొంగేనా? నా లెక్కన ఈ ఈసీఆర్ పద్ధతే ఎత్తేయాలి.

బైరాగిపట్టెడ బాబాయ్:
ఎత్తేయడం సులువే నాయనా. విదేశాలకు పనికి పోయేవాళ్ల కోసం పెట్టిన 1983 చట్టం ఊరికే రాలేదు. గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్ లాంటి 18 దేశాలకు పనికి పోయేవాళ్లకే ఈ క్లియరెన్స్. అది రావాలంటే అక్కడి యజమాని వివరాలు, జీతం, ఒప్పందం అన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్ ఈ-మైగ్రేట్‌లో ఎక్కాలి. రేపు సేటు జీతం ఎగ్గొడితే ఎంబసీ ముందు పెట్టడానికి ఆ కాగితమే దిక్కు. ప్రమాదంలో మనిషి పోతే 10 లక్షలు వచ్చే బీమా కూడా దీంతో ముడిపడిందే, రెండేళ్లకు కట్టేది 275 రూపాయలు. మీవాడిని అడిగిన తీరు తప్పంటే ఒప్పుకుంటా. అడగడమే తప్పంటే ఒప్పుకోను.

తిరుచానూరు టెక్కీ:
అసలు గొడవ రద్దీతోనే. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలైన ఫాస్ట్ ట్రాక్ ఇమ్మిగ్రేషన్ 2025 జనవరి నుంచి చెన్నై, బెంగళూరు, హైదరాబాద్‌లో కూడా ఉంది. మనం ఎక్కేది ఎక్కువగా చెన్నైలోనో బెంగళూరులోనో కదా. ఒకసారి వేలిముద్రలు, ఫొటో ఇస్తే ఈ-గేటు అదే తెరుచుకుంటుంది, పైసా ఖర్చు లేదు. మాలాంటి వాళ్లం అటు పోతే, ఆఫీసర్లకు మిగతావాళ్లతో నిదానంగా మాట్లాడే తీరిక దొరుకుతుంది.

పుంగనూరు గిత్త:
అన్నా, కొండ మీద 300 టికెట్ లైను వచ్చాక సర్వదర్శనం వాళ్లకు తీరిక దొరికిందా?

తిరుచానూరు టెక్కీ:
😀 అది వేరు, ఇది వేరు.

పుంగనూరు గిత్త:
వేరేం కాదు. 2018లో ఈసీఆర్ వాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామన్నారు, గుర్తుందా? జనం తిట్టేసరికి ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. రంగు పోయింది గానీ చూసే చూపు పోలేదు.

కలికిరి అక్క:
మీరంతా మగవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు. నేను కువైట్‌లో 20 నంబర్ వీసా మీద, అంటే ఇంటిపనికి, చాలా ఏళ్లు ఉండి వచ్చినదాన్ని. ఈసీఆర్ ఉన్న ఆడమనిషికి 30 ఏళ్లు నిండకపోతే ఇంటిపనికి క్లియరెన్సే ఇవ్వరు. నిండినా, ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే పోవాలి. కాపాడటానికే అంటారు. జరిగేదేందంటే, ఏజెంటు విజిట్ వీసా తీసి దుబాయ్‌కో మస్కట్‌కో పంపిస్తాడు, అక్కడి నుంచి ఇంకో దేశానికి దాటిస్తాడు. విజిట్‌కు క్లియరెన్స్ అక్కర్లేదు కదా.

ఒకసారి నా ముందు లైన్లో మన పక్కపిల్లే ఒకతి. దుబాయ్‌లో ఉన్న 'అక్క' అడ్రసు ఏజెంటు బాల్‌పెన్నుతో అరచేతిలో రాసి పంపించాడు. చెమటకు సగం చెరిగిపోయింది. అక్క పేరేందమ్మా అని ఆఫీసరు అడిగితే చెయ్యి విప్పి చూసుకుంది. అంతే, వెనక్కి పంపేశారు. మంచికే పంపారంటారు మీరు. వాళ్ల ఇంట్లో అప్పటికే ఏజెంటు దగ్గర అడ్వాన్సు తీసుకుని అప్పు తీర్చేశారు. ఆ డబ్బు ఎవరు కట్టాలి? మళ్లీ ఇంకో ఎయిర్‌పోర్టు నుంచి పంపించాడని తర్వాత తెలిసింది. అందుకే నేననేది, తనిఖీ ఉండనీ, కానీ విమానం ఎక్కబోయే దగ్గర కాదు. అడ్వాన్సు చేతులు మారకముందే, ఊర్లో ఉండాలి. ఆ వయసు పరిమితి మాత్రం ముందు తీసేయాలి.

బైరాగిపట్టెడ బాబాయ్:
వయసు సంగతి ఆలోచించాల్సిందేనమ్మా. కానీ ఊర్లో ఎవరు చేస్తారు తనిఖీ? సచివాలయం వాళ్లా? పోలీసులా?

తిరుచానూరు టెక్కీ:
రిజిస్టర్ అయిన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ సైట్‌లోనే ఉంది. వాళ్లు కూడా 30 వేలు, పైన జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదు. పోయే ముందు చూసుకుంటే చాలదా?

కలికిరి అక్క:
ఆ జాబితాలో ఉన్నోళ్లు మా పల్లెకెప్పుడొచ్చారు తమ్ముడూ? వచ్చేది సబ్ ఏజెంటు. వాడు మాకు వరసకు బావో మామో అవుతాడు. వాడి మీద కంప్లైంట్ ఇస్తే రేపు పెళ్లికి పిలిచేవాళ్లుండరు.

పుంగనూరు గిత్త:
మావాడిని పంపింది కూడా అట్లాంటి మామే. అయినా అక్కా, కాగితాలన్నీ సరిగ్గా ఉన్నవాడిని కూడా నిలబెట్టడం గురించి ఎవరూ జవాబు చెప్పలేదు.