సమస్య: పదును గల రంపమే కోత పాడుచేసె

నిర్వాహకుడు (సీతమ్మధార): ఈ వారం ఛందస్సు తేటగీతి; పైన ఇచ్చిన సమస్య పాదమే చివర వచ్చేలా పద్యం పూరించాలి. ఎప్పటిలాగే అందరినీ పేటల పేర్లతోనే పిలుస్తున్నాం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి పోయాక మన విశాఖలో దుంగ కోయడం తెలియని వీధి లేదు కాబట్టి యతి గణాలతో పాటు పనితనమూ చూస్తాం. పదునున్నా కోత ఎందుకు పాడయిందో పద్యంలోనే తేలాలి. తప్పు రంపానిదే కావాలి.

పూరణ 1 (పెందుర్తి)

ఆకురాయిని పట్టితి నంచు మురిసి
వంపు లేనట్టి పళ్ళతో వాడుచుండ
పచ్చి మామిడి దుంగలో పట్టి నిలిచె
పదును గల రంపమే కోత పాడుచేసె.

మధురవాడ: బాగుంది. రెండో పాదం అసలు రోగాన్ని పట్టుకుంది. పళ్ళను ఒకటి కుడికి, ఒకటి ఎడమకు వంచకపోతే గాడి సరిగ్గా రేకు మందమే పడుతుంది. పచ్చికర్ర తడిపొట్టు అందులో ఇరికి రేకును పట్టేస్తుంది. గాడి రేకు మందానికి సుమారు ఒకటిన్నర రెట్లుండాలి. వంచేది పన్ను పై సగమే; మొదలు దాకా వంచితే విరుగుతుంది. ముందు వంపు, ఆ తరువాతే ఆకురాయి. ఎండుకట్టెకు తక్కువ వంపు చాలు. విల్లు రంపమైతే పచ్చికర్రకు మధ్యమధ్య పొట్టు లాగే పళ్ళున్న రేకు వేరే దొరుకుతుంది, అదే కొనండి. రేకు పొడవుకు మించిన లావు దుంగ జోలికి పోవద్దు, లాగడానికి చోటు మిగలదు.

పూరణ 2 (గాజువాక)

రెండు కొనలందు ఆనిన నిండు దుంగ
నడుమ పైనుండి కోయగా నలిగి వంగె
గాడి మూసుక గొలుసును కదలనీదు
పదును గల రంపమే కోత పాడుచేసె.

నిర్వాహకుడు: గాజువాక గారూ, ‘అందు ఆనిన’ విసంధి, అంటే సంధి చేయాల్సిన చోట చేయలేదు. ‘కొనలపై నానిన’ అంటే గణం చెడదు, సంధీ కుదురుతుంది. రెండు–నిండు ప్రాసయతి (యతికి బదులు రెండో అక్షరం కలవడం) ముచ్చటగా ఉంది.

మధురవాడ: చిక్కు ఛందస్సులో కాదండీ. ఇందులో తప్పు రంపానిది కాదు, కోసినవాడిది. రెండు కొనలూ ఆనిన దుంగకు పైభాగం నొక్కుకుంటుంది, అడుగు సాగుతుంది. పైనుంచి మూడో వంతు కోసి ఆపి, మిగతాది అడుగునుంచి పైకి కోయాలి. ఒక కొన గాలిలో ఉంటే వరస తారుమారు: ముందు అడుగున మూడో వంతు, తరువాత పైనుంచి. అడుగునుంచి కోసేటప్పుడు బార్ (గొలుసు తిరిగే పొడుగాటి రేకు) పైఅంచు పనిచేస్తుంది కనుక చైన్ సా మన మీదికి తోసుకొస్తుంది. బార్ ముక్కు పైమూల కర్రకు తగిలిందా, ఎగిరి మొహం మీదికే. లావుపాటి దుంగలో గాడి దిగగానే, అది మూసుకోకుండా వెనక చీల కొట్టండి. అది చెక్కదో ప్లాస్టిక్‌దో కావాలి. ఇనుపదైతే తగిలిన పళ్ళన్నీ పోయినట్టే.

పూరణ 3 (భీమిలి)

ఎడమ పళ్ళెల్ల పొట్టివై కుడివి పొడవు
కొలత తప్పిన గొలుసుతో కోయబోగ
సరళరేఖను వీడుచు జరిగి దిగెను
పదును గల రంపమే కోత పాడుచేసె.

నిర్వాహకుడు: సమస్యకు అచ్చంగా అతికింది ఇదే. ‘సరళరేఖ’ మాత్రం లెక్కల పుస్తకంలోంచి ఊడిపడ్డట్టుంది.

పెందుర్తి: చేతివాటం వల్ల ఒకవైపు పళ్ళు ఎక్కువ అరగడం మామూలే. అన్నిటికన్నా పొట్టి పన్నును కొలిచి తక్కినవన్నీ దాని పొడవుకు తేవాలి. .325 అంగుళాల పిచ్ (రివెట్ల సగటు ఎడం) ఉన్న గొలుసుకు 4.8 మి.మీ. గుండ్రటి ఆకురాయి, కోణం చాలా గొలుసులకు 30 డిగ్రీలు, అట్టపెట్టె మీద చూసుకోండి. పన్ను ఎంత లోతు కొరకాలో నిర్ణయిస్తూ దాని ముందుండే లోతుముక్కు పన్ను అంచుకన్నా 0.65 మి.మీ. దిగి ఉండాలి. అది దిగకపోతే ఎంత పదునున్నా పొట్టు పిండిలా రాలుతుంది. మరీ దిగితే రంపం కుదుపులు పెడుతుంది. మన తీరం సరుగుడు బెరడులో ఇసుక ఉంటుంది. కోసేచోట బెరడు చెక్కేయకపోతే ఈ కష్టమంతా రెండు దుంగలకే సరి.

గాజువాక: ఒక్క సందేహం. బార్ అంచున గొలుసు జారే పట్టాలు ఒకవైపు అరిగినా కోత ఇలాగే వంకరపోతుంది కదా?

భీమిలి: పోతుందండి. కొత్త గొలుసు వేసి చూడండి. అప్పుడూ వంకరే అయితే బార్‌ది. పట్టాలు సమంగా అరగదీయించాలి, లేదా బార్ మార్చాలి.