ఇంటర్న్‌షిప్‌లో పని లేక ఖాళీగా ఉంటున్నాను, ఏం చేయమంటారు?

కావలి, ఇప్పుడు న్యూజెర్సీ

అన్నలకు, అక్కలకు నమస్కారం. పోయిన ఆగస్టులో ఎంఎస్‌కి వచ్చాను. ఈ వేసవిలో సీపీటీ (చదువుకుంటూనే చదువుకి సంబంధించిన పని చేయడానికి ఇచ్చే అనుమతి) మీద 12 వారాల ఇంటర్న్‌షిప్ దొరికింది. నాలుగు వారాలయింది. ఇచ్చిన కోడింగ్ పని పూర్తిచేసి రివ్యూకి పెట్టాను. మేనేజర్ జులై 4 సెలవుతో కలిపి పది రోజులు లీవులో ఉన్నారు. రోజంతా ఊరికే కూర్చుంటున్నాను. ఎవరైనా అటు వస్తే ఏదో ఒక ఫైలు తెరిచి పెడుతున్నాను. చాలా టెన్షన్‌గా ఉంది. అమ్మ ఫోన్ చేస్తే పని బాగుందని చెబుతున్నాను. ఖాళీ టైంలో తెలిసినవాళ్ల స్టార్టప్‌కి పని చేసిపెట్టు, డబ్బులిస్తారని రూమ్మేట్ అంటున్నాడు. చేయొచ్చా?

టంగుటూరు, ఇప్పుడు షార్లెట్

తమ్ముడూ, నా మొదటి ఇంటర్న్‌షిప్‌లో నేనూ అలాగే మూడు వారాలు ఫైళ్లు తెరిచి కూర్చున్నాను. అడిగితే ఏమనుకుంటారోనని మొహమాటం. చివర్లో నా పనితీరు మీద జరిగిన రివ్యూలో "నీకు టైం ఉందని మాకు తెలియనే లేదు" అన్నారు. అక్కడ ఉద్యోగం రాలేదు. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తుంది, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

మా నాన్న పొగాకు వేసేవారు. ఆకు వేడికి ఆరబెట్టే కొట్టుని బ్యారన్ అంటాం. బ్యారన్‌లో ఆకు ఎక్కించి మంట పెట్టాక, అది పండి ఆరేదాకా చేసేదేమీ లేదనిపిస్తుంది చూసేవాళ్లకి. మా ఇంట్లో మాత్రం ఆ రోజుల్లో ఎవరికీ తీరిక ఉండేది కాదు. నాన్న అర్ధరాత్రి లేచి వేడి ఎంతుందో చూసొచ్చేవారు. అమ్మా, అమ్మమ్మా అంతకుముందు దించిన ఆకు ముందేసుకుని గ్రేడు చేసేవాళ్లు. వేలంలో బేలుకి ఏ రేటు పలుకుతుందో ఆ గ్రేడింగ్ మీదే ఉండేది. నీకు ఈ పది రోజులూ అలాంటివే.

చేరిన మొదటి వారం లాప్‌టాప్ సెటప్‌లో ఎక్కడెక్కడ ఇరుక్కున్నావో రాసుకో. టీమ్ సెటప్ డాక్యుమెంట్‌లో పాతబడిన స్టెప్పులు సరిచెయ్. ఐదేళ్లుగా టీమ్‌లో ఉన్నవాళ్ల కళ్లకి అవి ఆనవు, కొత్తవాడివి కాబట్టి నీకే కనబడతాయి. నీ కోడ్‌కి టెస్టులు తక్కువుంటే రాయి. పాత కోడ్ రివ్యూలు తెరిచి, సీనియర్లు ఎందుకు వద్దన్నారో, ఏం మార్చమన్నారో చదువు. నేను ఎక్కువ నేర్చుకున్నది అక్కడే.

అన్నిటికంటే ముందు, ఇవాళే టీమ్‌లో సీనియర్ ఒకరికి మెసేజ్ పెట్టు. "నాకు పని లేదు" అని మాత్రం రాయకు. "పని పూర్తయింది, రివ్యూకి పెట్టాను. మేనేజర్ వచ్చేలోపు సెటప్ డాక్యుమెంట్ సరిచేద్దామనుకుంటున్నాను. ఇంతకంటే అవసరమైనది ఉంటే చెప్పండి, ముందు అది చేస్తాను" అని రాయి. ఉత్త చేతులతో అడిగితే నీకు పని వెతకడం వాళ్లకి ఇంకో పని. ఇలా అడిగితే అవునో కాదో చెబితే చాలు.

నెల్లూరు, ఇప్పుడు డాలస్

రూమ్మేట్ మాట మాత్రం వినొద్దు తమ్ముడూ. సీపీటీ యూనివర్సిటీ ఇచ్చిన నీ ఐ-20 పత్రం మీద ఉన్న కంపెనీకి, ఆ తేదీలకే చెల్లుతుంది. వేరేవాళ్ల దగ్గర డబ్బులు తీసుకుని పని చేస్తే అది అనుమతి లేని పని, ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) స్టేటస్సే పోతుంది. ఇంకేదైనా అనుమానం ఉంటే యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌ఓని అడుగు, రూమ్మేట్‌ని కాదు. ఇంకోటి, ఖాళీ ఉంది కదా అని కంపెనీ కోడ్ సొంత లాప్‌టాప్‌లోకి తెచ్చుకుని ప్రాక్టీస్ చేయకు.

ఆ టీమ్ వాడే టూల్స్ రోజుకో గంట కూర్చుని నేర్చుకో. ఇంటర్వ్యూ ప్రిపరేషన్ ఆఫీసు టైంలో వద్దు, ఇంటికెళ్లాక చేసుకో. రోజూ సాయంత్రం ఆ రోజు ఏం చేశావో రెండు లైన్లు రాసి పెట్టుకో. చివరి వారం ప్రెజెంటేషన్ అడిగితే అవే పనికొస్తాయి.

టంగుటూరు, ఇప్పుడు షార్లెట్

అమ్మకి కూడా ఉన్నది చెప్పు. ఏదో దాస్తున్నావని వాళ్లకి గొంతులోనే తెలిసిపోతుంది.

కావలి, ఇప్పుడు న్యూజెర్సీ

అక్కా, మీరు చెప్పినట్టే మెసేజ్ పెట్టాను. గంటలో జవాబొచ్చింది. డాక్యుమెంట్ సంగతి సరేనన్నారు, రేపు మధ్యాహ్నం రిలీజ్ (కొత్త కోడ్ వాడకంలోకి వదలడం) ఉంది, పక్కన కూర్చుని చూడమన్నారు. రూమ్మేట్‌కి కుదరదని చెప్పేశాను అన్నా. అమ్మకి రాత్రి ఫోన్ చేస్తాను, అక్కడ తెల్లారి ఉంటుంది.

నాన్నగారు ఇంకా పొగాకు వేస్తున్నారా అక్కా?

టంగుటూరు, ఇప్పుడు షార్లెట్

లేదు తమ్ముడూ, ఇప్పుడు శనగే. బ్యారన్ పడగొట్టలేదు, అందులో గేదెలకి మేత వేసుకుంటున్నారు. రేపు రిలీజ్ చూశాక ఏం జరిగిందో ఇక్కడ రాయి.