విండోస్ 11 ప్రో కొనాలా, ఉన్నదానితో నెట్టుకురావాలా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. ఇంట్లో డెస్క్‌టాప్‌కి ఒరిజినల్ విండోస్ 10 హోమ్ ఉంది, ఐ5 ఎనిమిదో జనరేషన్, 8 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్కు. ఎస్‌పీ రోడ్డు కంప్యూటర్ షాపుల్లో అడిగితే 11 ప్రో లైసెన్స్ కొనమంటున్నారు. పిల్లల క్లాసులు, నా ఎక్సెల్ పని, అంతే. అవసరమా అండీ?

జవాబు 1: వద్దండీ, మీది ఒరిజినల్ కాబట్టి 11 హోమ్ ఫ్రీగానే వస్తుంది, సెట్టింగ్స్‌లో అప్‌డేట్ దగ్గర చూడండి. రాకపోతే బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవుతుండగా తెరిచే బోర్డు సెట్టింగ్స్) టీపీఎం ఆఫ్‌లో ఉందేమో, అది 11 అడిగే సెక్యూరిటీ ఫీచర్, ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అనే పేరుతో ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. 10కి మామూలు సపోర్ట్, అంటే మామూలుగా వచ్చే సెక్యూరిటీ అప్‌డేట్లు, 2025 అక్టోబర్ 14తోనే అయిపోయింది, బ్యాంకు పనులు కూడా అందులోనే చేస్తుంటే ఇంక ఆలస్యం చేయకండి, ముందు ఫోటోలు, ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి.

జవాబు 2: బయటనుంచి రిమోట్ డెస్క్‌టాప్‌తో ఇంటి సిస్టమ్‌లోకి రావాలన్నా, హైపర్-వీ (విండోస్ లోపలే ఇంకో సిస్టమ్ నడిపే ఫీచర్) కావాలన్నా ప్రో తీసుకోవాలి. మీ పనికి వద్దు. ఆ డబ్బుతో పాత హార్డ్ డిస్కు బదులు వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించండి, స్పీడ్ తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ, పీటీటీ ఆఫ్‌లోనే ఉంది. ఎస్ఎస్‌డీ ఎన్ని జీబీ తీసుకోమంటారు?

జవాబు 2: 512 చాలు.